బంతి ఏ ఊరి పువ్వు?

ఈ నెల వచ్చిన ప్రశ్నలు ముందేసుకుని కూర్చుంటే ఆరు బంతిపువ్వు మీదే కనిపించాయి. మిగతావి వచ్చే నెలకు పక్కన పెట్టాను. ముప్ఫై ఒక్క ఏళ్లు డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పినదాన్ని. అంతకు ముందు కడియం దగ్గర మా నాన్న కౌలుకు తీసుకున్న బంతి మళ్లలో పెరిగినదాన్ని. ఈ పువ్వు మాటెత్తితే నేను ఆగలేను, అందుకే కొన్ని జవాబులు పొడుగయ్యాయి.

*

ప్రశ్న: సద్దుల బతుకమ్మకు పూలు తెస్తుంటే మా వీధిలో ఉండే ఒక పెద్దాయన, "బంతి మన దేశపు పువ్వే కాదమ్మా, బయటి నుంచి వచ్చింది. గౌరమ్మకు తంగేడు, గునుగు పెడితే చాలు" అన్నారు. అప్పటి నుంచి మా అత్తమ్మ మనసు కష్టపెట్టుకుంది. అది నిజమేనా? నిజమైతే బంతి పెట్టడం మానేయాలా?
– ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: ఆయన చెప్పిన మొదటి మాట నిజమేనమ్మా. రెండో మాట మాత్రం నేను ఒప్పుకోను. మీ అత్తమ్మగారికి ఈ జవాబు చదివి వినిపించండి.

బంతికి పుట్టిల్లు మెక్సికో. అక్కడి అజ్టెక్ జనం దాన్ని వాళ్ల నవాట్ల్ భాషలో 'సెంపోవల్‌షోచిత్ల్' అనేవాళ్లు. వాళ్ల లెక్క పదుల మీద కాకుండా ఇరవైల మీద నడిచేది. 'సెంపోవల్లి' అంటే ఇరవై, 'షోచిత్ల్' అంటే పువ్వు. ఇరవై పువ్వన్నమాట. మనం గుత్తులు గుత్తులుగా పూసే చెట్టుకు నూరువరహాలు అని పేరు పెట్టుకున్నట్టే, వాళ్లూ ఆ రేకుల రాశిని చూసి అంకెతో పిలిచారు.

1552లో మెక్సికో నగరం పక్కనే ఉన్న త్లతెలోల్కో కాలేజీలో మార్తిన్ దె లా క్రూజ్ అనే స్థానిక వైద్యుడు తమ మూలికల గురించి రాస్తే, హువాన్ బదియానో అనే ఆయన దాన్ని లాటిన్‌లోకి మార్చాడు. రంగుల బొమ్మలతో ఉన్న ఆ రాతప్రతి వందల ఏళ్ల తర్వాత వాటికన్ గ్రంథాలయంలో బయటపడింది. 1990లో పోప్ రెండో జాన్ పాల్ దాన్ని మళ్లీ మెక్సికోకే ఇచ్చేశారు. అందులో బంతి ఉంది. ఎక్కిళ్లకు, పిడుగు దెబ్బకు ఇచ్చే మందుల్లో ఉంది. ఏరు క్షేమంగా దాటాలనుకునేవాడికి చెప్పిన మందులో కూడా ఉంది. గోదారి గట్టున పుట్టినదాన్ని కదా, ఆ చివరిది మొదటిసారి చదివిన రోజు పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఏరు దాటిస్తుందని నమ్మిన పువ్వు తానే సముద్రాలు దాటి మా మడిలోకి వచ్చింది.

ఇక మన దగ్గరికి ఎప్పుడొచ్చిందో చూద్దాం. కొలంబస్ అమెరికా ఒడ్డు చేరింది 1492లో. స్పెయిన్ సేనాని కోర్తెస్ మెక్సికోలో దిగింది 1519లో. శ్రీకృష్ణదేవరాయలు గద్దెనెక్కింది 1509లో. అంటే రాయలవారి పట్టాభిషేకం నాటికి బంతి ఇంకా సముద్రానికి అవతలే ఉంది. సీరియళ్లలో ఆయన సభకు బంతి తోరణాలు కట్టి చూపిస్తే నాకు మనసులో కలుక్కుమంటుంది. విజయనగరంలో పూలకు కొదవ ఉందని కాదు. 1443లో అక్కడికి వచ్చిన పర్షియా రాయబారి అబ్దుర్ రజాక్, ఈ ఊరి జనానికి గులాబీ లేకుండా గడవదు, తిండి ఎంతో అదీ అంతే అని రాసుకున్నాడు. గులాబీ ఉంది, బంతి లేదు. పోర్చుగీసు వాళ్లు గోవా పట్టుకున్నది 1510లో. పనస పక్కన జీడిమామిడి, వంకాయ పక్కన టమాటా చేరిన దారిలోనే, ఆ ఓడల రాకపోకలతోనే బంతీ మన తీరం చేరిందని చెబుతారు.

పేర్లు చూసినా ఈ సంగతి తెలుస్తుంది. మనం గుండ్రంగా ఉందని 'బంతి' అన్నాం. కన్నడిగులు 'చెండు హూవు' అన్నారు, అంటే అదీ బంతి పువ్వే. తమిళులకు 'తులుక్క సామంతి' అనే పేరుంది, తురకచామంతి అని. కొత్తగా వచ్చిన వస్తువుకు జనం పేరు పెట్టే పద్ధతే ఇది. ఆకారం చూసి పెడతారు, లేదా ఎక్కడి నుంచో వచ్చిందని పెడతారు. ఇంగ్లిషు వాళ్లు దాన్ని ఆఫ్రికన్ మేరిగోల్డ్ అంటారు, ఉత్తర ఆఫ్రికా తీరంలో మొలిచి ఉంటే అదే దాని ఊరనుకున్నారు. ఫ్రెంచి వాళ్లు 'రోజ్ దాంద్' అంటారు, ఇండియా గులాబీ అని. అమెరికానే ఇండియా అనుకున్న రోజుల నాటి పేరది. ఎవరికి వాళ్లు ఇంకెవరి గుమ్మమో చూపించారు తప్ప మెక్సికో పేరు ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. బయటి పువ్వని బంతిని తీసేస్తే బతుకమ్మ సిబ్బిలో అడుగున పరిచే గుమ్మడి ఆకు సంగతేంటి? పైన పెట్టే గుమ్మడి పువ్వు సంగతేంటి? పచ్చగా పండే తియ్యగుమ్మడి కూడా ఆ అమెరికా ఖండం నుంచే వచ్చింది. మన పాత గుమ్మడి బూడిదగుమ్మడి. ఆ లెక్కన గౌరమ్మ కింద ఆకు, నెత్తిన పువ్వు రెండూ తీసేయాలి. సద్దుల నాడు చేసే పులిహోరలో ఎండుమిరపకాయ కూడా తీసేయాలి. మీ వీధి పెద్దాయన అంత దూరం ఆలోచించి ఉండరు.

తంగేడు, గునుగు బీడు మీద వాటంతట అవే పూస్తాయి. బంతి అలా కాదు. నారు పోయాలి, నాటాలి, తల తుంచాలి, తెల్లవారకముందే కోయాలి. మా అమ్మ నాలుగింటికి లేచి లాంతరు పెట్టుకుని కోసేది. తర్వాత అరుగు మీద గోనెపట్టా పరిచి, దబ్బనంలో పురికొస ఎక్కించి, పువ్వును తొడిమ వైపు నుంచి గుచ్చేది. రేకుల వైపు నుంచి గుచ్చితే విడిపోతుందని మాకు మొట్టికాయ పడేది. ఆమె వేళ్ల సందుల్లో ఆకుపచ్చ నలుపు రంగు మరక దసరా నుంచి సంక్రాంతి దాకా వదిలేది కాదు. వందల ఏళ్లుగా ఇన్ని చేతులు పెంచిన పువ్వును గౌరమ్మ దగ్గరికి రానివ్వకూడదనడానికి నాకు నోరు రాదు. మీ అత్తమ్మగారిని నిశ్చింతగా పేర్చమనండి. తంగేడు వరస తర్వాత ముద్దబంతి వరస వస్తే ఆ పసుపుల్లో తేడా ఎంత బాగుంటుందో ఆమెకు నేను చెప్పక్కర్లేదు.

*

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. నవంబరు మొదటి వారంలో మా ఆఫీసులో మెక్సికో ఆవిడ ఒకరు చనిపోయిన వాళ్ల నాన్నగారి ఫొటో ముందు బంతిపూలు గుట్టగా పోశారు. అక్కడ అది పోయినవాళ్ల పువ్వట. మేం దీపావళికి గుమ్మానికి కట్టిందీ అదే షాపు బంతి. ఫోన్లో చెబితే మా అమ్మ టెన్షన్ పడుతోంది. అశుభమేమీ కాదు కదా?
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: కానే కాదు నాయనా. మీ ఆఫీసు ఆవిడ చేసింది మృతుల పండగ. నవంబరు 1, 2 తేదీల్లో పోయినవాళ్లు ఇంటికి వస్తారని వాళ్ల నమ్మకం. మొదటి రోజు పిల్లలు, రెండో రోజు పెద్దలు. ఇంట్లో ఒక బల్ల మీద ఫొటో, ఇష్టమైన తిండి, మంచినీళ్లు, కొవ్వొత్తులు పెట్టి, వీధి గుమ్మం నుంచి ఆ బల్ల దాకా బంతి రేకులు దారిలా పోస్తారు. ఆ రంగు, ఆ వాసన పట్టుకుని వాళ్లు దారి తప్పకుండా వస్తారట. 2008లో యునెస్కో ఈ పండగను ప్రపంచ వారసత్వ సంప్రదాయాల్లో చేర్చింది.

మీ అమ్మగారికి ఒక్క మాట గుర్తు చేయండి. తెలంగాణలో బతుకమ్మ మొదలయ్యేది ఏ రోజున? పెత్రమాస నాడు, పెద్దలకు బియ్యం ఇచ్చే రోజున. పెద్దల్ని తలుచుకున్న సాయంత్రమే పువ్వుల్ని పేర్చడం మనకూ ఉంది.

మా నాన్న మార్గశిరంలో పోయారు. ఆయన మీద వేసిన దండలు ఆయన మడిలో పూలే. కోసింది మా అన్నయ్య, గుచ్చింది పక్కింటి వాళ్లు. మాకు ఆ ఏడు పండగ లేదు. కానీ ఆ మడి పూత అయిపోలేదు, సంక్రాంతి దాకా కోతకొస్తూనే ఉంది. ఆ నెలంతా మా వీధిలో ఏ ఇంటి గొబ్బెమ్మ మీద చూసినా మా నాన్న నాటిన బంతే. మా అమ్మ వీధిలోకి వచ్చి వాటినే చూస్తూ నిలబడేది. అశుభం అనే మాట ఆమె నోట రాలేదు.

ఆ వాసన గురించి కూడా చెప్పాలి. బంతి వాసన రేకులో కంటే ఆకులోనే ఎక్కువ. ఒక ఆకు తుంచి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి, ఆకు అంచుల దగ్గర సూదితో పొడిచినట్టు కాంతి దిగే చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె తిత్తులు. వేలితో నలిపితే పగిలి ఆ ఘాటు బయటికొస్తుంది. మా స్టూడెంట్లకు మొదటి ప్రాక్టికల్ క్లాసులో నేను చూపించింది ఇదే. మీ అమ్మాయికో అబ్బాయికో చూపించండి, మైక్రోస్కోప్ అక్కర్లేదు.

*

ప్రశ్న: సూపర్ మార్కెట్‌లో మేరిగోల్డ్ టీ అని అమ్ముతున్నారు. పెరట్లో బంతి రేకులు ఎండబెట్టి అలాగే కాచుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: వద్దమ్మా. ఆ డబ్బా మీద మేరిగోల్డ్ అంటే సాధారణంగా కెలెండ్యులా. అది వేరే మొక్క, యూరప్‌లో పాతకాలం నుంచి ఉన్నది. మేరిగోల్డ్ అనే పేరు మొదట దానిదే. మేరీమాత పేరు కలిపి పెట్టుకున్న పేరు. బంతి అక్కడికి చేరాక చూడ్డానికి అలాగే ఉందని అదే పేరు దీనికీ తగిలించారు. డబ్బా కొనేటప్పుడు మొక్క పేరు చదవండి. పెరట్లో బంతి గుమ్మానికి ఉంచండి.

*

ప్రశ్న: మా తాత టమాటా తోటలో సాళ్ల మధ్య బంతి పెట్టేవాడు. అడిగితే "పురుగు రాదురా" అనేవాడు. నేను నిరుడు గట్ల మీద నాలుగు మొక్కలు పెట్టాను, పురుగు వచ్చింది. తాత మాట తప్పా?
– ఒక రైతు, మదనపల్లె

జవాబు: తాత మాట తప్పు కాదు బాబూ. గట్టు మీద నాలుగు మొక్కలు చాలవు, అంతే.

బంతి రెండు రకాలుగా పనిచేస్తుంది, ఆ రెండూ వేరు వేరు. మొదటిది పైన. టమాటా కాయ తొలిచే శనగపచ్చ పురుగుంది కదా, దాని తల్లి రెక్కలపురుగుకు టమాటా కంటే బంతి మొగ్గంటే ఇష్టం. గుడ్లు అక్కడ పెడుతుంది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ చెప్పే పద్ధతిలో పదహారు సాళ్ల టమాటాకు ఒక సాలు పొడుగు రకం బంతి. టమాటా నారు 25 రోజులదైతే బంతి నారు 45 రోజులది ఉండాలి. ముదురు నారు ఎందుకంటే టమాటా పూతకొచ్చేసరికి బంతి మొగ్గ సిద్ధంగా ఉండాలి. లేత నారు పెడితే పురుగు వచ్చే వేళకు ఎర ఉండదు. తర్వాతి పని చాలామంది మర్చిపోతారు. పురుగు చేరిన బంతి మొగ్గల్ని కోసి నాశనం చేయాలి. చేయకపోతే మీరే పురుగును మేపి టమాటాలోకి తోలినట్టు.

రెండోది కింద, వేళ్ల దగ్గర. టమాటా వేళ్ల మీద బొడిపెలు కట్టించే నులిపురుగులకు బంతి వేళ్లలో ఉండే ఒక రసాయనం విషం. దీనికి మాత్రం అక్కడో మొక్క ఇక్కడో మొక్క పెడితే లాభం లేదు. ఆ మడి అంతా ఒత్తుగా రెండు నెలలైనా బంతి పెంచి, ఆ తర్వాత టమాటా వేయాలి. ఎర్రచారల చిన్న కారబ్బంతి ఈ పనికి బాగా పనికొస్తుంది. పూలు అమ్ముకోవచ్చు, వేళ్లు భూమిలోనే ఉంటాయి. మీ తాతగారు నూరు పూలు మార్కెట్‌కు పంపుతూనే ఆ పని చేసి ఉంటారు.

*

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. తెల్ల బంతి ఉంటుందా? మా సైన్స్ టీచర్ ఉండదన్నారు. ఇంటర్నెట్‌లో గింజలు అమ్ముతున్నారు.
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: ఉంది తల్లీ. దాని కథ చెబుతాను, మీ టీచర్ గారికి కూడా చూపించు.

అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో బర్పీ అనే పెద్ద విత్తనాల కంపెనీ ఉండేది. 1915లో తండ్రి పోతే కొడుకు డేవిడ్ బర్పీకి ఆ కంపెనీ నడిపే బాధ్యత వచ్చింది. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు. వాళ్ల తోటలకు పేరు తెచ్చింది స్వీట్ పీ అనే తీగపువ్వు. దానికి వేరుకుళ్లు తగులుకుంది. దాని బదులు ఏ పువ్వు అని వెతికి ఆయన బంతిని పట్టుకున్నాడు. అప్పట్లో అమెరికా వాళ్లు బంతి వాసన ఇష్టపడేవాళ్లు కాదు. ఆయన వాసన లేని బంతి కోసం వెతికాడు. చైనాలో ఉన్న ఒక మిషనరీ పంపిన గింజల్లోంచి అలాంటిది దొరికింది. 1937లో 'క్రౌన్ ఆఫ్ గోల్డ్' అనే రకం వచ్చింది. బంతిని దేశపు జాతీయ పుష్పం చేయాలని ఎవరెట్ డర్క్సెన్ అనే సెనేటర్‌తో కలిసి ఎన్నో ఏళ్లు తిరిగాడు కూడా. అది జరగలేదు, 1986లో గులాబీకి ఆ గౌరవం దక్కింది. అప్పటికి బర్పీ లేడు.

ఆయనకు ఉన్న ఇంకో కోరిక తెల్ల బంతి. బంతిలో పసుపు, నారింజ రంగులు కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాల వల్ల వస్తాయి. అందులో ముఖ్యమైనది ల్యూటిన్. ఇప్పుడు కర్ణాటక, తమిళనాడు రైతులు కంపెనీలకు టన్నుల్లో బంతి పండించేది దాని కోసమే. కోళ్ల దాణాలో కలిపితే గుడ్డు సొన మంచి పసుపొస్తుంది, కంటి మాత్రల్లోనూ వాడతారు. ఆ రంగు బంతికి ఒంట్లో రక్తం లాంటిది. దాన్ని తగ్గించుకుంటూ పోతే తప్ప తెలుపు రాదు. కంపెనీ శాస్త్రజ్ఞుల వల్ల కాకపోయేసరికి బర్పీ 1954లో జనం ముందుకొచ్చాడు. రెండున్నర అంగుళాల తెల్ల బంతి పూయించే గింజలు ఎవరు పంపినా పదివేల డాలర్లు ఇస్తానని ప్రకటించాడు.

ఏడాది కాదు, రెండేళ్లు కాదు, ఇరవై ఒక్క ఏళ్లు పట్టింది. దేశం నలుమూలల నుంచి గింజలు వచ్చేవి, కంపెనీ పొలంలో నాటి చూసేవాళ్లు. 1975లో గెలిచింది ఆలిస్ వోంక్ అని అయోవా రాష్ట్రంలో సల్లీ అనే చిన్న ఊరావిడ. అప్పటికే పెద్ద వయసావిడ. ల్యాబ్ లేదు, డిగ్రీ లేదు. ఏటా పూసిన వాటిలో అన్నిటికంటే రంగు తక్కువున్న పువ్వు చూసుకుని, దాని గింజ దాచుకుని, మరుసటేడు అదే నాటేది. మళ్లీ వాటిలో పాలిపోయినది ఏరుకునేది. బంతి ఏడాదికి ఒక్కసారే కదా ఆమెకు, అక్కడి చలికి. అంటే ఏటా ఒక్కటే అవకాశం. ఆమె గింజ ఏరుకునే చేతుల్ని తలుచుకుంటే నాకు మా అమ్మ కందులు చెరుగుతూ నల్ల గింజ ఏరే తీరు కళ్లముందుకొస్తుంది.

ఇప్పుడు 'వెనిల్లా' అనే తెల్ల రకం దొరుకుతుంది. మల్లెపువ్వు తెలుపు కాదు, మీగడ తెలుపు. మూడేళ్ల కింద నేనూ ఇంటర్నెట్‌లో తెల్లబంతి ప్యాకెట్ ఒకటి తెప్పించాను. పద్దెనిమిది గింజలు మొలిచాయి. ఆషాఢం నుంచి కంటికి రెప్పలా చూసుకున్నాను. దసరాకు పద్దెనిమిదీ నిమ్మపండు పసుపే పూశాయి. అమ్మినవాళ్లకు రాస్తే జవాబు లేదు. అందుకే నువ్వు కొనేముందు రకం పేరు, ప్యాక్ చేసిన తేదీ ఉన్నాయో లేదో చూడు. అవి లేని ప్యాకెట్ కొనకు, బొమ్మ ఎంత తెల్లగా ఉన్నా సరే.

*

ప్రశ్న: నిరుడు పెద్ద పెద్ద ముద్దబంతులు పూశాయి. ఆ గింజలే దాచి ఈ ఏడు పోశాను. సగం మొలవలేదు, మొలిచినవాటిలో కొన్ని రేకబంతి, కొన్ని పొట్టివి, రంగులు కూడా కలిసిపోయాయి. నేనేం తప్పు చేశాను?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ తప్పేం లేదండి. రెండు కారణాలున్నాయి.

ఒక ముద్దబంతిని న్యూస్‌పేపర్ మీద విప్పండి. ఆకుపచ్చ గిన్నె చీల్చి, ఒక్కొక్క రేకు పట్టి లాగండి. ప్రతి రేకు కింద సన్నని తెల్ల కాడ వస్తుంది. ఆ కాడే గింజ అవుతుంది. అంటే మీరు రేకు అనుకున్నది ఒక పూర్తి పువ్వు. మనం బంతిపువ్వు అనేది పువ్వుల బుట్ట. మా క్లాసులో పిల్లలు లెక్కపెడితే ఒక్కో బంతిలో రెండొందలకు పైగా తేలేవి. ఇరవై పువ్వన్న పాత పేరు మీద ఎంత పెరిగిందో చూడండి. ఈ రేకుపూలు ఆడవి. పుప్పొడి ఇచ్చేవి నడిమధ్యన ఉండే గొట్టం లాంటి చిన్న పూలు. రేకులు ఎక్కువయ్యేకొద్దీ ఆ నడిమి పూలు తగ్గిపోతాయి. పుప్పొడి అందక చాలా గింజలు తాలు పోతాయి. మీకు మొలవని సగం అవే. గింజ నల్ల సగాన్ని గోటితో నొక్కి చూడండి. గట్టిగా నిలబడితే లోపల పప్పుంది, వంగితే తాలు.

రంగులు కలవడానికి కారణం వేరు. మీరు నిరుడు కొన్నది హైబ్రిడ్ అయి ఉంటుంది. రెండు వేరు రకాల్ని కలిపి తీసిన మొదటి తరం అది. దాని పిల్లలు తల్లిలా ఉండవు, తాతమ్మల పోలికలన్నీ బయటికి వస్తాయి. దానికి తోడు తేనెటీగ పక్కింటి బంతి పుప్పొడి మోసుకొస్తుంది. ఏటా గింజ దాచుకోవాలంటే హైబ్రిడ్ కాని రకం పట్టుకోండి. ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ 1995లో ఇచ్చిన పూసా నారంగి ఉంది, పసుపు కావాలంటే పూసా బసంతి ఉంది. వీటి గింజ దాచితే చాలావరకు తల్లిలాగే పూస్తాయి.

గింజకు వదిలే పువ్వును ముందే ఎంచుకుని తొడిమకు ఎర్రదారం కట్టండి, లేకపోతే పండగ రోజు ఎవరో ఒకరు కోసేస్తారు. రేకులు ఎండి, ఆకుపచ్చ గిన్నె పూర్తిగా గోధుమరంగులోకి తిరిగాక, మంచు ఆరిన పొద్దున కోయండి. కాస్త పచ్చిగా ఉన్నా బూజు పడుతుంది. గింజ సూదిలా ఉంటుంది, కింది సగం నలుపు, పైన గడ్డిరంగు కుచ్చు. నీడన ఆరబెట్టి కాగితం కవరులో పెట్టి, మీద రంగు, నెల రాయండి. ప్లాస్టిక్ వద్దు. వచ్చే ఆషాఢంలోనే పోసేయండి, రెండేళ్లు దాటితే మొలక బాగా పడిపోతుంది. దసరా పూతకు ఆషాఢంలో నారు, నెల తిరిగేసరికి నాటు. మొక్కకు నలభై రోజులప్పుడు తల తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది. తుంచడానికి చేయి రాదు కానీ తుంచాల్సిందే.

ఈ ఏడు కలిసిపోయి పూసినవాటిని పీకేయకండి. అందులో మీకు నచ్చిన ఒక్క మొక్క చూసుకుని దానికీ ఎర్రదారం కట్టండి. మరుసటేడు వాటి పిల్లల్లో మళ్లీ ఒకటి ఏరుకోండి. ఆలిస్ వోంక్ చేసిందీ అదే. ఏ రంగు వచ్చిందో కార్తీకం లోపు నాకు రాయండి, వీలైతే ఆ గింజలు నాలుగు కవరులో పెట్టి పంపండి. మా పెరట్లో గోడవార ఒక మడి ఖాళీగా ఉంది.